పాట మనది, పేరెవరిది?

2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చింది. పాట రాసినాయన, బాణీ కట్టినాయన వేదికెక్కి బహుమతి అందుకున్నారు. తెలుగువాళ్ళంతా సంబరపడ్డారు. మనమూ సంబరపడ్డాం. తెలుగు పాట ప్రపంచానికి వినపడితే ఎవరికి చేదు? అయితే ఆ సందడి సద్దుమణిగాక మనం వేసుకోవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది. ఏటేటా పాటకు ఇచ్చే ఈ అవార్డులు ఎవరిని చూస్తున్నాయి? ఎవరిని చూడడం లేదు?

లెక్క తీద్దాం. ఉత్తమ గీత రచనకు జాతీయ సినిమా అవార్డును తెలుగు పాటకు తెచ్చినవారు శ్రీశ్రీ (1974), వేటూరి (1993), సుద్దాల అశోక్ తేజ (2003), చంద్రబోస్ (2021), కాసర్ల శ్యామ్ (2023). అయిదుగురూ యోగ్యులే. అయిదుగురూ మగవాళ్ళే. అదే జాతీయ అవార్డుల్లో ఉత్తమ గాయని బహుమతిని 1968లో మొట్టమొదట అందుకున్నది మన పి. సుశీల. స్త్రీ గొంతుకు విడిగా ఒక పీట వేశారు కాబట్టి అది దక్కింది. గొంతు కావలసి వచ్చినప్పుడు ఆడవాళ్ళు గుర్తొస్తారు, కలం దగ్గరికి వచ్చేసరికి గుర్తురారు. చేతకాక అంటారా? ఆ 1968లోనే సావిత్రి దర్శకత్వం వహించిన 'చిన్నారి పాపలు' సినిమాకు సంగీతం సమకూర్చింది పి. లీల. చేతకాక కాదు, చేయనివ్వక.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. స్పానిష్, పోర్చుగీసు పాటలకు 2000 నుంచి లాటిన్ గ్రామీ అవార్డులు ఇస్తున్నారు. 2018 దాకా పందొమ్మిదేళ్ళలో ఉత్తమ ఆల్బం బహుమతి అందుకున్న గాయని ఒకే ఒక్కరు, 2006లో కొలంబియాకు చెందిన షకీరా. ఆ తర్వాత 2019 నుంచి 2023 వరకు అయిదేళ్ళలో నాలుగుసార్లు ఆ బహుమతి మహిళలకే వచ్చింది. రోసాలియాకు రెండుసార్లు, నతాలియా లఫోర్కాదేకు ఒకసారి, కరోల్ జీకి ఒకసారి. ఆ అయిదేళ్ళలో అక్కడి ఆడవాళ్ళకు కొత్తగా గొంతులు మొలిచాయా? లేదు. వినే చెవులు మారాయి.

ఆల్బం చేసిన గాయనుల పరిస్థితే ఇలా ఉంటే, ఆల్బం అనే మాటే ఎరగని మన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల ఆడవాళ్ళ సంగతేమిటి? ఉదయగిరి నియోజకవర్గంలోని కలిగిరి మండలం దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం 1992లో జిల్లా అంతా పాకింది. అక్షరదీపం రాత్రి బడులు, కళాజాతాల పాటలు, నాటికలు దానికి ఊపిరి పోశాయి. కూలి చేసుకునే ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారు, వేలంపాటలు ఆపించారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారనుకోండి, అది వేరే ద్రోహం. 2016లో కన్నుమూసిన దూబగుంట రోశమ్మ పేరైనా లోకానికి తెలుసు. ఆనాడు గొంతెత్తిన మిగతా ఆడవాళ్ళ పేర్లు ఏ బహుమతి పత్రంలో ఉన్నాయి?

'అవి ప్రజల పాటలు, వాటికి కర్తలుండరు' అంటారు. వినడానికి గౌరవంగానే ఉంటుంది. ఆచరణలో మాత్రం 'ఎవరివీ కావు, ఎవరైనా తీసుకోవచ్చు' అని దాని అర్థం. 2021లో 'సారంగ దరియా' పాట సినిమాకెక్కినప్పుడు, అంతకుముందే ఆ పాటను సేకరించి టీవీ వేదికపై పాడిన మహిళ తన సంగతేమిటని అడగవలసి వచ్చింది. అడిగితే తప్ప ఆ పేరు ఎవరికీ గుర్తురాలేదు.

చట్టం ఉంది కదా అనవచ్చు. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి పాట రాసినవారికి, బాణీ కట్టినవారికి, పాడినవారికి రాయల్టీ హక్కు కల్పించారు. మంచిదే. కానీ సినిమాలో అప్రధానంగా పాడి, పేర్ల జాబితాలో ఎక్కడా చోటు దక్కనివారిని కొద్దిపాటి నైతిక హక్కుకు తప్ప కళాకారులుగానే లెక్కించనక్కరలేదని ఆ సవరణే చెప్పింది. అంటే పేరు వేయకపోతే హక్కు కూడా లేదు! పేరు వేయడమా మానడమా అన్నది మాత్రం నిర్మాత చేతిలో ఉంటుంది.

కర్త ఒక్కరు కాకపోతే గుర్తింపు సాధ్యం కాదా? మన ఉదయగిరి చెక్క గరిటెలనే చూడండి. వాటిని కనిపెట్టిందెవరో ఎవరికీ తెలియదు. అయినా అది ఆ ఊరివాళ్ళ చేతిపని అని ఒప్పుకుని భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. గరిటెకు దొరికిన న్యాయం పాటకు ఎందుకు దొరకదు?

అందుకే మనం అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. జానపద బాణీని వాడుకున్న ప్రతి పాటకూ, అది ఏ ఊరిదో, ఎవరి నోట విన్నారో పేరు వేయాలి, డబ్బులో వాటా ఇవ్వాలి. ప్రజాగాయకుడు గద్దర్ పేరుతో తెలంగాణ ప్రభుత్వం 2025 నుంచి అవార్డులు ఇస్తున్నది. అక్కడైనా, మరెక్కడైనా, పాటను ఎంచే కమిటీల్లో సగం మంది మహిళలుండాలి.

ఇవన్నీ జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. మన సంఘాల్లో నాట్ల పాటలు, కోలాటం పాటలు, ఉద్యమ పాటలు పాడే అమ్మలు, అత్తలు ఉన్నారు. వాళ్ళు ఉండగానే పాటను రికార్డు చేద్దాం. పాడినవారి పేరు, ఊరు, తేదీ రాసి పెడదాం. ఎవరైనా ఛానెల్‌వాళ్ళు వస్తే కాగితం మీద ఒప్పందం లేనిదే పాడించవద్దు. రాత్రి బడిలో సంతకం నేర్చుకున్న చేతులు మనవి. ఆ సంతకం మన పాట కింద కూడా ఉండాలి.