రిమోట్ యాక్సెస్ ఇచ్చారంటే తాళంచెవి ఇచ్చినట్టే

కెనడాలో చిన్న చిన్న కాంట్రాక్టు కంపెనీల్లో పనిచేసే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాం. ఓనర్లు కూడా చదవండి.

ఇప్పుడు చాలా చిన్న కంపెనీలు టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ లాంటివి పెట్టుకుంటున్నాయి. ఆఫీసు బ్రాంప్టన్‌లో ఉంటుంది, సైటు గంటన్నర దూరంలో ఉంటుంది, లెక్కలు చూసే మనిషి ఇంకో ఊళ్లో ఇంటి నుంచి పనిచేస్తుంటాడు. మంచు కురిసే రోజు డ్రాయింగ్ కోసం ఆఫీసుకు పరిగెత్తే పని లేదు, సైట్ ట్రైలర్‌లో కూర్చునే ఆఫీసు కంప్యూటర్ తెరుస్తాం. మంచి సౌకర్యమే, వద్దని మేము అనం.

మేము అనేది ఒక్కటే. ఇది తాళంచెవి లాంటిది. సైటులో టూల్స్ కంటైనర్ తాళం ఎవరి దగ్గరుందో మాకు పక్కాగా తెలుసు. పని మానేసేవాడి దగ్గర ముందు తాళంచెవి తీసుకుంటాం, తర్వాతే బై చెప్తాం. మరి ఆఫీసు కంప్యూటర్‌కి ఆ పద్ధతి ఎందుకు లేదు? మాకు తెలిసిన ఒక చోట లెక్కలాయన మానేసి నెలలైనా ఆయన పాస్‌వర్డ్ ఇంకా పనిచేస్తూనే ఉంది.

"పోతే నా డబ్బే కదా" అంటారు కొందరు ఓనర్లు. కాదు సార్. అందులో మా పని గంటల లెక్క ఉంది, మా బ్యాంకు అకౌంట్లు ఉన్నాయి, మా 9 అంకెల సిన్ నంబర్లు ఉన్నాయి. సిన్ నంబర్ దొంగ చేతిలో పడితే మా పేరు మీద అప్పు తీసుకోవచ్చు. పాస్‌వర్డ్ మార్చినంత సులువుగా దాన్ని మార్చుకోలేం.

ఈ యాక్సెస్ రెండు రకాలు. ఒకటి, అవతలివాళ్లు అడిగినప్పుడు ఇవతల మనిషి ఒప్పుకుని నొక్కాలి. రెండోది, పాస్‌వర్డ్ ఉంటే చాలు, అర్ధరాత్రి ఎవరూ లేకపోయినా లోపలికి రావచ్చు. ఈ రెండోది తప్పనిసరైన ఒకరిద్దరికే ఇవ్వాలి. ఫోన్‌కి కోడ్ వచ్చే టూ ఫ్యాక్టర్ కూడా పెట్టాలి. ఎవరెవరికి ఇచ్చారో ఒక పుస్తకంలో రాయాలి, మానేసిన రోజే తీసేయాలి.

ఇది ఉత్త భయం కాదు. ఎనీడెస్క్ పేరుతో జరిగే మోసాల గురించి 2019 ఫిబ్రవరిలోనే మన రిజర్వ్ బ్యాంకు హెచ్చరించింది. 2024 ఫిబ్రవరిలో ఆ ఎనీడెస్క్ కంపెనీయే తన సిస్టమ్స్‌లోకి దొంగలు చొరబడ్డారని చెప్పి, పాస్‌వర్డ్‌లు మార్చుకోమంది. తయారుచేసినవాళ్ల ఇంట్లోకే దూరినప్పుడు మన ఆఫీసు ఏపాటి?

"మైక్రోసాఫ్ట్ నుంచి మాట్లాడుతున్నాం, మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఇది డౌన్‌లోడ్ చెయ్యండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. మైక్రోసాఫ్ట్ తనంతట తను అలా ఫోన్ చెయ్యదు. ఇప్పటికే లోపలికి రానిచ్చి ఉంటే ముందు ఇంటర్నెట్ తీసేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పండి, తర్వాత కెనడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కి 1-888-495-8501 కి ఫోన్ చెయ్యండి.

పనివాళ్లం మనకెందుకు అనుకోకండి. "మా వివరాలున్న కంప్యూటర్‌లోకి ఎవరెవరు రాగలరు?" అని ఓనర్‌ని మర్యాదగా అడగండి. హెల్మెట్ అడిగినట్టే ఇదీ అడగాలి. అది మన హక్కు.