అంగీకారమే కొలమానం కావాలి: కేంద్ర సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖకు బహిరంగ లేఖ

చేజర్ల,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక మంత్రిత్వ శాఖ వారికి,

అంతర్జాలంలో వయోజనుల కోసం తయారయ్యే లైంగిక దృశ్యాలను ప్రభుత్వం ఎంతవరకు అదుపు చేయవచ్చు, ఆ అదుపు ఏ చోట పౌరుల భావప్రకటన స్వేచ్ఛను హరించడం మొదలుపెడుతుంది అనే ప్రశ్న పదేళ్లకు పైగా మంత్రిత్వ శాఖ ముందున్నా, దానికి ఇంతవరకు వెలువడిన సమాధానాలు చాలావరకు నిషేధ జాబితాలే. 2015 జులై 31న 857 వెబ్‌సైట్లను మూసివేయాలని ఇంటర్నెట్ సంస్థలకు ఉత్తర్వు అందింది. విమర్శలు రావడంతో ఆగస్టు 4న, పిల్లలపై లైంగిక అకృత్యాల దృశ్యాలు లేని సైట్లను మూయనవసరం లేదని సవరణ వచ్చింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు ఆదేశం వెలువడ్డాక ఆ 857 సైట్లనే మళ్లీ పరిశీలించగా, వాటిలో 30 సైట్లలో అసలు లైంగిక దృశ్యాలే లేవని మంత్రిత్వ శాఖ స్వయంగా గుర్తించి, మిగిలిన 827 సైట్లను మూయించింది. ఏ తప్పూ లేని 30 సైట్లు దేశమంతటికీ వర్తించే ఒక ఉత్తర్వులో 2015లో ఎలా చేరాయో ప్రజలకు ఎవరూ చెప్పలేదు. 2024 మార్చిలో 18 ఓటీటీ వేదికలను, 2025 జులైలో మరో 25 వేదికలను సమాచార ప్రసార శాఖ నిలిపివేయించినప్పుడు కూడా పాటించినది ఇదే పద్ధతి.

ఈ జాబితాలన్నీ ఒకే కొలమానంపై నిలబడినవి: దృశ్యం చూసేవారి మనసును ఎంత చెడగొడుతుంది అనేది. ఆ దృశ్యంలో ఉన్న మనిషి తన శరీరాన్ని చిత్రించడానికి, దాన్ని లోకం ముందు పెట్టడానికి ఒప్పుకున్నదా లేదా అనే రెండో కొలమానం చట్టంలో ఒక మూలన ఉన్నది గాని, పరిపాలనలో దానికి దక్కవలసిన స్థానం దక్కలేదు. ఆ స్థానాన్ని మార్చాలని కోరడమే ఈ లేఖ ఉద్దేశం.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూడాలి. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం ద్వారా భావప్రకటన స్వేచ్ఛను ఇచ్చి, 19(2) అధికరణంలో ఆ స్వేచ్ఛపై సమంజసమైన పరిమితులకు అనుమతించిన కారణాలలో సభ్యతను, నైతికతను కూడా చేర్చింది. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 67వ సెక్షన్ అశ్లీలమైన దేనినైనా ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించడాన్ని, పంపడాన్ని నేరంగా పరిగణిస్తుంది. 67ఎ లైంగిక చర్యను బాహాటంగా చూపే దృశ్యాలకు, 67బి పిల్లలకు సంబంధించిన దృశ్యాలకు ఇంకా కఠినమైన శిక్షలు విధిస్తాయి. వెబ్‌సైట్లను మూయించే అధికారాన్ని ప్రధానంగా ఇచ్చే 69ఎ సెక్షన్ మాత్రం దేశ సార్వభౌమత్వం, రక్షణ, విదేశీ సంబంధాలు, శాంతిభద్రతలు వంటి కారణాలనే పేర్కొన్నది. సభ్యత, నైతికత అనే మాటలు అందులో లేవు. అందువల్లనే 2015 నాటి ఉత్తర్వు 79(3)(బి) అనే మరో సెక్షన్‌ను ఆశ్రయించింది. ఇతరులు పెట్టే సమాచారాన్ని మోసే సంస్థలను, అంటే చట్టం మధ్యవర్తులు అని పిలిచే ఫేస్‌బుక్, గూగుల్ వంటి వాటిని, ప్రభుత్వం తెలియజేసిన తర్వాత కూడా చట్టవిరుద్ధమైన సమాచారాన్ని తొలగించకపోతే బాధ్యత నుండి తప్పించుకోనివ్వని సెక్షన్ అది. 69ఎ కింద ఉత్తర్వు ఇవ్వాలంటే కారణాలు రాయాలి, కమిటీ పరిశీలించాలి, వీలైనంతవరకు అవతలి పక్షం వాదన వినాలి. 79(3)(బి)లో అటువంటి రక్షణలేవీ చెప్పలేదు. 66ఎ సెక్షన్‌ను కొట్టివేసిన 2015 మార్చి 24 నాటి శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు 69ఎ చెల్లుతుందని చెప్పడానికి ఆ రక్షణలే ముఖ్య కారణమయ్యాయన్నది మంత్రిత్వ శాఖకు తెలియనిది కాదు. రక్షణలున్న దారిని వదిలి రక్షణలు లేని దారిని పట్టడం, అది ఎంత మంచి ఉద్దేశంతో చేసినదైనా, ప్రజాస్వామ్య ప్రభుత్వానికి తగిన పని కాదు.

ఏది అశ్లీలమో ప్రభుత్వ కార్యాలయంలో తేల్చితే ఏమవుతుందో తెలుగువారికి బాగా తెలుసు. 18వ శతాబ్దంలో తంజావూరును ఏలిన ప్రతాపసింహుని ఆస్థానంలో ముద్దుపళని అనే కవయిత్రి రాధికా సాంత్వనము అనే శృంగార కావ్యాన్ని రచించింది. దేవదాసీ కుటుంబంలో పుట్టి సంగీతంలోనూ విద్వత్తులోనూ పేరుపొందిన బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించగా, నెల్లూరు జిల్లా మూలాలు గల వావిళ్ల వారి ప్రచురణ సంస్థ 1910లో మద్రాసులో అచ్చువేసింది. ఆ కావ్యాన్ని అంతకుముందే ఏవగించుకున్నవారు కందుకూరి వీరేశలింగం. స్త్రీవిద్య కోసం, వితంతు వివాహాల కోసం జీవితాన్ని ధారపోసిన సంస్కర్తకు కూడా, శృంగారం స్త్రీ నోట పలికేసరికి అది సహించరానిదయింది. పురుష కవులు అంతకంటే పచ్చిగా రాసినా రాని సిగ్గు స్త్రీ రాస్తేనే ఎందుకు వస్తున్నదని నాగరత్నమ్మ నిలదీసింది. ఆ వాదనను వినడానికి బ్రిటిషు ప్రభుత్వానికి ఓపిక లేకపోయింది: ప్రభుత్వ అనువాదకుడు పుస్తకం అభ్యంతరకరమని అభిప్రాయపడ్డాడు, ప్రతులు జప్తయ్యాయి, పండితులు సమర్పించిన విజ్ఞప్తులు ఫలించలేదు. టంగుటూరి ప్రకాశం పంతులు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న కాలంలో గాని నిషేధం తొలగలేదు. వావిళ్ల వారి కొత్త ముద్రణ 1952లో వచ్చింది. మూడున్నర దశాబ్దాల పాటు తెలుగు పాఠకులకు ఒక కావ్యం అందకుండా పోయింది. ఆ కావ్యం వల్ల గాయపడిన మనిషి ఒక్కరైనా ఉన్నట్లు ఏ దస్త్రమూ చెప్పలేదు. ఎవరు గాయపడ్డారని నిషేధించినవారిని ఎవరూ అడగలేదు, అడగవలసిన అవసరం చట్టంలోనూ లేదు.

ఆ అవసరం ఇప్పటి చట్టంలోనూ చాలావరకు లేదు, గాయపడినవారు మాత్రం ఇప్పుడు లెక్కకు మించి ఉన్నారు. 2015లోనే, 857 సైట్ల ఉత్తర్వుకు కొన్ని నెలల ముందు, హైదరాబాదులోని ప్రజ్వల సంస్థ అత్యాచార దృశ్యాలు వాట్సాప్‌లో చేతులు మారుతున్న తీరును వివరిస్తూ సుప్రీంకోర్టుకు లేఖ రాసింది. ఆ లేఖపై న్యాయస్థానం తనంత తానుగా విచారణ చేపట్టిన ఫలితంగానే, అటువంటి దృశ్యాలపై ఫిర్యాదు చేయడానికి జాతీయ సైబర్ నేరాల పోర్టల్ 2018లో ఏర్పడింది. వెబ్‌సైట్ల జాబితా ఉత్తర్వు వెలువడిన కొన్ని రోజులలోనే అమలులోకి రాగా, అత్యాచారానికి గురైనవారు తమ దృశ్యాలను తీసివేయమని అడిగే ఒక కిటికీ తెరుచుకోవడానికి మూడేళ్లు పట్టింది. రుణ యాప్‌ల వసూలు మనుషులు అప్పు తీసుకున్నవారి ముఖాలను నగ్న చిత్రాలకు అతికించి బంధువులందరికీ పంపుతామని బెదిరించిన కాలంలో రెండు తెలుగు రాష్ట్రాలలో ఎన్నో కుటుంబాలు నలిగిపోయాయి. 2022 సెప్టెంబరులో రాజమహేంద్రవరంలో అటువంటి వేధింపులకు తాళలేక దంపతులిద్దరు ప్రాణాలు తీసుకున్నారు. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని కృత్రిమ మేధతో మరొకరి శరీరానికి అతికించిన డీప్‌ఫేక్ దృశ్యం దేశమంతటా చర్చకు వచ్చి, రెండు నెలలు దాటాక గుంటూరు జిల్లాలో నిందితుడి అరెస్టు జరిగింది. అంత పేరున్న నటి విషయంలోనే అంత కాలం పట్టినప్పుడు పేరు లేనివారి గతి ఏమిటో ఊహించడం కష్టం కాదు.

చేజర్ల, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలను నెల్లూరు జిల్లా వారు మెట్ట ప్రాంతం అంటారు. వానలు సరిగా లేని ఏడాది బతుకుదెరువు కోసం బెంగళూరుకో, హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో మగవారు వెళ్లడం, భార్యాభర్తల మధ్య నెలల తరబడి ఫోనే ఇల్లు కావడం ఇక్కడ మామూలు. ఆలుమగల మధ్య నమ్మకంతో నడిచిన ఒక చిత్రం ఫోను పోయినా, సంబంధం చెడినా, మరమ్మతు దుకాణంలో ఎవరైనా కాపీ చేసుకున్నా ఊరి గుంపులలోకి చేరగలదు. అప్పుడు ఆ స్త్రీ ఎక్కడికి వెళ్లాలి? మండల కేంద్రాలలో పోలీసు స్టేషనుకు పెద్ద సాధారణంగా సబ్ ఇన్‌స్పెక్టరు. సమాచార సాంకేతిక చట్టం 78వ సెక్షన్ ప్రకారం ఈ చట్టం కింద నేరాలను దర్యాప్తు చేయడానికి ఇన్‌స్పెక్టరు స్థాయికి తగ్గని అధికారి కావాలి. ఫిర్యాదు స్థానికంగా నమోదైనా దర్యాప్తు మరో అధికారి చేతికి పోతుంది, ఆ చిత్రం గురించి ఆమె ఇంకొకసారి ఇంకొకరి ముందు నోరు విప్పవలసి వస్తుంది. అంతకంటే బరువైన చిక్కు చట్టం మాటలలోనే ఉన్నది. 67ఎ సెక్షన్ లైంగిక దృశ్యాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పంపడాన్నే నేరమంటుంది. పంపినవారు, అందుకున్నవారు ఇద్దరూ ఇష్టపడిన వయోజనులైతే ఏమిటో అందులో చెప్పలేదు. భర్తకు తానే పంపిన దృశ్యం బయటపడిన స్త్రీ ఫిర్యాదు చేయబోతే, మొదట పంపినది నువ్వే కదా అనే ప్రశ్నకు చట్టమే చోటిస్తున్నది. అశ్లీలతను మాత్రమే కొలిచే చట్టానికి ఆమె కూడా నేరస్థురాలిగానే కనబడవచ్చు.

దీనికి విరుగుడు కొత్తగా కనిపెట్టవలసినది కాదు. దొంగచాటుగా చూడడం, చిత్రించడం గురించి భారతీయ న్యాయ సంహితలోని 77వ సెక్షన్, అంతకుముందు శిక్షాస్మృతికి 2013లో చేర్చిన 354సి సెక్షన్, ఒక వివరణలో స్పష్టంగా చెప్పాయి: చిత్రం తీయడానికి స్త్రీ అంగీకరించినా, దాన్ని ఇతరులకు పంచడానికి అంగీకరించకపోతే, పంచడం నేరమే. అంగీకారం ఒక్కసారి ఇస్తే అన్నిటికీ ఇచ్చినట్లు కాదు, అది ఎవరికి, ఎంతవరకు ఇచ్చారో అంతవరకే అనే ఈ సూత్రం భారతీయ చట్టాలలోని అత్యంత విలువైన వాక్యాలలో ఒకటి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో చెప్పినది కూడా ఈ దిశగానే పోతుంది. ఈ వివరణ స్త్రీలకు మాత్రమే, అదీ ఒక్క సెక్షన్‌కు మాత్రమే పరిమితం కావడం సరి కాదు; సమాచార సాంకేతిక చట్టానికి అది వెన్నెముక కావాలి.

నిషేధం కోరేవారి మాటను తేలికగా తీసివేయడం ఈ జిల్లా నుండి రాసే లేఖకు తగదు. 1990ల తొలి సంవత్సరాలలో ఇక్కడి దూబగుంట మహిళలు సారా దుకాణాన్ని మూయించి రాష్ట్రమంతటా ఉద్యమానికి దారి చూపారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ స్త్రీలు నైతికత పేరు చెప్పి కాదు, కూలి డబ్బు ఇంటికి రాకపోవడం చూసి, దెబ్బలు తిని, ఆకలితో ఉన్న పిల్లలను చూసి ఉద్యమించారు. వారికి గాయం కనబడింది, గాయం చేసినవాడి చిరునామా తెలిసింది. అయినా పొరుగు రాష్ట్రాల నుండి మద్యం దొంగదారిన పారి, ఖజానా లోటు పెరిగి, 1997లో ఆ నిషేధాన్ని సడలించక తప్పలేదు. మూసిన సైటుకు మరునాడే మారు చిరునామా పుట్టే అంతర్జాలంలో, వాడుకరి ఏ ఊరివాడో దాచిపెట్టే వీపీఎన్ అనే సాధనం అందరి చేతిలో ఉన్నప్పుడు, జాబితా నిషేధం అంతకంటే త్వరగా నీరుగారుతుంది. దాన్ని అమలు చేయడానికి వెచ్చించే మనుషులను, సమయాన్ని బాధితుల ఫిర్యాదులకు మళ్లించడం మేలు.

పిల్లల విషయంలో మాత్రం సందేహానికి తావు లేదు. పిల్లలకు అంగీకారం అనే మాట వర్తించదు గనుక ఆ దృశ్యాలు ఏ రూపంలో ఉన్నా నేరమే. వాటిని దాచుకోవడం, చూడడం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరు 23 నాటి తీర్పులో స్పష్టం చేసింది. పిల్లలు పెద్దల సైట్లలోకి పోకుండా వయసు తనిఖీ పెట్టాలనే ఆలోచన మంచిదే, కాని వయసు రుజువు పేరుతో ప్రతి పౌరుని గుర్తింపు పత్రాన్ని ఆ సైట్ల చేతిలో పెట్టించడం రేపటి బెదిరింపులకు కొత్త ముడిసరుకును సమకూర్చడమే.

మంత్రిత్వ శాఖ చేయవలసినవి అసాధ్యమైనవి కావు. వయోజనులు తమ ఇష్టంతో వ్యక్తిగతంగా పంచుకున్నవి 67, 67ఎ సెక్షన్ల కింద నేరం కావని పార్లమెంటు ముందు సవరణ పెట్టాలి. ఫిర్యాదు చేసినవారు తాము పంపిన చిత్రానికి తామే నిందితులు కారని అదే సవరణలో రాయాలి. అశ్లీలత కారణంగా ఏ సైటునైనా మూయిస్తే ఆ ఉత్తర్వు కారణాలతో సహా ప్రకటించాలి, సైటు నడిపేవారికి, చూసేవారికి అప్పీలు దారి చూపాలి. ఆంక్షల ఉత్తర్వులను ప్రచురించాలని అనూరాధా భసీన్ కేసులో 2020 జనవరి 10న సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇక్కడ కూడా వర్తించాలి. 2021 ఫిబ్రవరి నాటి నియమాలు నగ్న దృశ్యాలను, మార్ఫింగ్ చేసిన చిత్రాలను ఫిర్యాదు అందిన 24 గంటలలో తొలగించాలని మధ్యవర్తి సంస్థలకు అప్పట్లో గడువు పెట్టడం ఈ దేశంలో వచ్చిన మంచి మార్పులలో ఒకటి, కాని ఆ హక్కు ఉన్నదన్న సంగతి మెట్ట గ్రామాలలో తెలిసినవారు అరుదు. గ్రామ స్థాయిలో పనిచేసే మహిళా సిబ్బందికి రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి శిక్షణ ఇచ్చి, ఫిర్యాదును తెలుగులో రాసి సంస్థకు, పోర్టల్‌కు ఒకేసారి పంపే ఏర్పాటు చేయాలి. చిత్రాన్ని ఎవరికీ చూపకుండానే ఫిర్యాదు ముందుకు సాగాలి. 78వ సెక్షన్‌ను సడలించి, శిక్షణ పొందిన సబ్ ఇన్‌స్పెక్టర్లకు, వీలైనచోట మహిళా అధికారులకు, ఈ ఒక్క తరహా నేరాలలోనైనా దర్యాప్తు అధికారం ఇవ్వాలి. ఏటా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో, ఎన్నిటిలో గడువులోగా చిత్రాలు తొలగాయో, ఎన్ని కేసులు కోర్టుదాకా చేరాయో జిల్లాలవారీగా లెక్కలు పార్లమెంటు ముందు ఉంచాలి. తొలి విడత లెక్కలు వచ్చే శీతాకాల సమావేశాలకైనా సభ ముందుకు రావాలని మంత్రిత్వ శాఖకు విన్నపం.