నలుపూ తెలుపూ - మన ముఖాలూ



హాస్టల్లో చేరిన రోజున మనల్ని ముందుగా అడిగేది పాస్‌పోర్ట్ సైజు ఫొటో. ఆ తర్వాత స్కాలర్‌షిప్‌కు ఫొటో, బస్ పాస్‌కు ఫొటో, హాల్ టికెట్‌కు ఫొటో. ఆరో తరగతిలో మరిపెడ హాస్టల్‌కు వచ్చిన నాటి నుంచి పి.జి. దాకా నేను ఎన్ని ఫొటోలు అతికించానో లెక్కే లేదు. మా తాతకు మాత్రం జీవితమంతా ఒకే ఒక్క ఫొటో. అదీ రేషన్ కార్డు మీద, ఇంటిల్లిపాది నడుమ ఇరుక్కుని ఉన్నది.

తాత చనిపోయినప్పుడు దినాలకు ఫొటో కావాలని ఆ కార్డు పట్టుకొని ఒక స్టూడియోకు పోయాం. తల వరకు కత్తిరించి పెద్దది చేశారు. ఏనాడూ తొడగని కోటు తొడిగారు. మిరప చేలల్లో ఎండకు కాలిన ముఖాన్ని తెల్లగా మార్చారు. మా నాయన ఆ ఫ్రేమును చాలాసేపు చూసి, "మంచిగనే ఉన్నడు గని, మా నాయన కాదురా" అన్నాడు. ఈ వ్యాసం ఆ మాటలోంచి పుట్టింది.

ఒకప్పుడు ఫొటో అంటే ఉన్నవాళ్లదే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844-1905) తీసిన నవాబుల, దొరల చిత్రాలను ఇవాళ్టికీ పుస్తకాల్లో చూస్తున్నాం. ఆ కాలంలో వాళ్ల పొలాలు దున్నిన మన ముత్తాతలు ఎట్లుండేవారో మనకు తెలియదు. చాలా కాలం తర్వాత మన వరంగల్ వాడే అయిన భరత్ భూషణ్ కెమెరాను తెలంగాణ పల్లెల వైపు, బతుకమ్మల వైపు, మామూలు మనుషుల వైపు తిప్పారు. 2022లో ఆయన కన్నుమూశారు. ఆ పని ఇప్పుడు మనది. చేతిలో సెల్‌ఫోన్ ఉంటే చాలు.

నలుపు తెలుపులే ఎందుకంటారా? రంగుల ఫొటోలో చూపు చొక్కా మీదికో, ప్లాస్టిక్ బిందె మీదికో పోతుంది. రంగు తీసేస్తే ముఖం, వెలుగు, నీడ మిగులుతాయి. పైగా రంగుల ఫిలిం మనల్ని లెక్కలో పెట్టుకొని పుట్టింది కాదు. కొడాక్ కంపెనీ ల్యాబులకు పంపిన "షర్లీ కార్డు" మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. చర్మం రంగును ఆ బొమ్మతోనే సరిచూసుకునేవారు.

నేను నేర్చుకున్న నాలుగు సంగతులు చెబుతాను.

మిట్టమధ్యాహ్నం ఎండలో తీయవద్దు, కళ్లు గుంటల్లా నల్లబడతాయి. మనిషిని తలుపుకో, కిటికీకో కొంచెం పక్కకు తిరిగి, నీడ పట్టున కూర్చోబెట్టండి. ఒక చెంప మీద వెలుతురు, ఇంకో చెంప మీద నీడ పడతాయి. నీడ మరీ చిక్కగా ఉంటే ఆ వైపున తెల్ల ధోతి పట్టుకోండి. వెలుతురు తిరిగి ముఖం మీద పడుతుంది.

నల్లని ముఖం వెనుక సున్నం గోడ పెట్టవద్దు. కెమెరా ఆ తెలుపును చూసి వెలుతురు తగ్గిస్తుంది, ముఖం మసిబారుతుంది. మట్టిగోడో, ముదురు రంగు దుప్పటో మేలు. ఫోన్‌లో ముఖం మీద వేలు పెట్టి వెలుతురు సరిచేయండి. పౌడరు వద్దు. నల్లని చర్మం అందమంతా నుదుటి మీద, చెంప ఎముకల మీద మెరిసే ఆ మెరుపులోనే ఉంది.

ఐదారు అడుగులు వెనక్కు జరిగి కొంచెం జూమ్ చేయండి. మరీ దగ్గరికి పోతే ముక్కు పెద్దదై పోతుంది. కెమెరా వాళ్ల కళ్ల ఎత్తులో ఉండాలి. కన్ను స్పష్టంగా ఉంటే ఫొటోకు ప్రాణం వచ్చినట్లే.

రంగులోనే తీసి తర్వాత నలుపు తెలుపులకు మార్చండి. బ్యూటీ ఫిల్టర్ మాత్రం ముందే తీసేయండి. చివరగా, మంచి ఫొటోను ప్రింటు వేయించండి. ఫోన్ పోతే ఫొటోలూ పోతాయి.

"పేదోళ్ల ముడతలు నలుపు తెలుపుల్లో తీసి బహుమతులు కొట్టేవాళ్లు లేరా?" అని ఒక మిత్రుడు అడిగాడు. ఉన్నారు. అందుకే మాలి దేశపు సేదూ కెయిటాను గుర్తు చేసుకోవాలి. 1948 నుంచి బమాకో పట్టణంలో తన ఇంటి వాకిట్లో, ఎక్కువగా సూర్యుడి వెలుతురులో, మంచం మీది దుప్పటిని తెరగా కట్టి ఆయన ఫొటోలు తీశాడు. వచ్చినవాళ్లు తాము ఎలా కనిపించాలనుకున్నారో అలా మంచి బట్టల్లో, దర్జాగా నిలబడ్డారు. మనమూ అంతే చేయాలి. అమ్మను అడిగి తీయండి. ఏ చీర కట్టుకుంటుందో ఆమెనే నిర్ణయించుకోనివ్వండి. కోటు కావాలంటే కోటే తొడుక్కోనివ్వండి, కానీ బతికుండగా, తన ఇష్టంతో. నా ఫిర్యాదు కోటు మీద కాదు, తాతను అడగకుండా తొడగడం మీద.

చివరిగా ఒక మాట. వార్షికోత్సవానికి మన తల్లిదండ్రులు వస్తారు. ఆ రోజు ఉదయం హాస్టల్ వరండాలో ఒక దుప్పటి కడదాం, ఒక స్టూలు వేద్దాం. వచ్చిన ప్రతి అమ్మకూ, నాయనకూ ఒక ఫొటో తీద్దాం. మనకు అన్నం వండి పెట్టిన వంటమనిషినీ, కామాటినీ, వాచ్‌మెన్‌నూ మరువవద్దు. ప్రింటు ఖర్చు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుందాం.

మన ఇళ్లలో మొదటి డిగ్రీ మనం తెచ్చాం. మొదటి అసలైన ఫొటో కూడా మనమే తెద్దాం. ఏ కొడుకూ ఫ్రేము ముందు నిలబడి "ఈయన మా నాయన కాదు" అనుకోకూడదు.

- ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఎ.