దూది మారిస్తే సరిపోతుందా?

కాలేజీకెళ్లే అబ్బాయి బ్యాగులో పెన్ను లాంటి వస్తువు, పక్కనే చిన్న దూది చుట్ట, స్ప్రింగులా చుట్టిన సన్నని తీగ కనిపిస్తే మీరేమనుకుంటారు? ఏదో ప్రాజెక్టు సామాననుకుని మళ్లీ లోపల పెట్టేస్తారు. అది ఈ-సిగరెట్‌లో వేసే వత్తి కావచ్చు.

వత్తి అన్న మాట దీనికి అచ్చంగా సరిపోతుంది. ప్రమిదలో వత్తి నూనెను పీల్చినట్టే, ఇదీ ద్రవాన్ని పీల్చి వేడెక్కే తీగకు అందిస్తుంది. ద్రవంలో ఉండేవి ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, సువాసనలు, చాలావాటిలో నికోటిన్. తొలిరోజుల్లో సిలికా తాడు ఎక్కువగా వాడేవారు. తర్వాత దూది, రేయాన్, సిరామిక్ వచ్చాయి. బ్లీచింగ్ చేయని సేంద్రియ దూది వేసుకుంటే ఒంటికేం కాదన్న మాట కుర్రాళ్ల నోట ఇప్పుడు ధీమాగా వినిపిస్తోంది. నా అభ్యంతరమంతా ఈ ధీమా మీదే.

నూనె అయిపోయిన దీపం ఎలా కమురు వాసన కొడుతుందో మీకు తెలుసు. ఇక్కడా అంతే. వత్తి తడారితే తీగ వేడి అదుపు తప్పుతుంది. ద్రవం విచ్ఛిన్నమై ఫార్మాల్డిహైడ్, ఎక్రోలిన్ లాంటివి పుడతాయి. మొదటిది క్యాన్సర్ కారకం, రెండోది ఊపిరితిత్తులను మండించేది. తీపి రుచుల ద్రవాలైతే మడ్డి కట్టి వత్తిని త్వరగా నల్లబరుస్తాయి. దాన్ని తీసి కొత్తది వేస్తే మాడు ఘాటు తగ్గే మాట నిజమే. నికోటిన్ మాత్రం రవ్వంత కూడా తగ్గదు. తీగ నుంచి నికెల్, క్రోమియం ఆవిరిలో చేరుతున్నట్టూ పరిశోధనల్లో తేలింది. దూది ఎంత స్వచ్ఛమైనదైతే మాత్రం ఏం లాభం?

2019లో అమెరికాలో ఏం జరిగిందో చూడండి. వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని, 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. 68 మంది చనిపోయారు. ప్రధానంగా తప్పు పట్టింది వత్తిని కాదు, గంజాయి సారంతో చేసిన ద్రవాల్లో కలిపిన విటమిన్-ఇ ఎసిటేట్‌ను. ఆ ద్రవాలు చాలావరకు దొంగచాటు సరుకే. మన దేశంలో అదే ఏడాది ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ, ప్రకటనలను చట్టం నిషేధించింది. అంటే ఇక్కడ చేతికి చిక్కేదంతా దొంగచాటు సరుకే. సీసా మీద రాసిన నికోటిన్ మోతాదును ఎవరు పరీక్షించినట్టు? ఇంట్లో పసిపిల్లలుంటే మరీ ప్రమాదం. ఆ ద్రవం కొద్దిగా మింగినా ప్రాణం మీదకు రావచ్చు. అలా జరిగితే వాంతి చేయించబోకండి, సీసా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అబ్బాయి దగ్గర దొరికితే ముందు అరవకండి. (రోజూ బాల్కనీలో సిగరెట్ వెలిగించే నాన్నగారు అరిస్తే అసలే చెల్లదు.) నిద్ర లేవగానే అది కావాలనిపిస్తోందా, లేకపోతే చిరాకు పుడుతోందా అని నెమ్మదిగా అడగండి. అవునంటే నికోటిన్ పట్టు బిగిసినట్టే. మానడానికి 1800-112-356 అనే జాతీయ టోల్‌ఫ్రీ నంబరుంది. అవసరమైతే మందులు, నికోటిన్ గమ్ లాంటివి డాక్టరు సూచిస్తారు. నాన్నగారూ అదే నంబరుకు చేయవచ్చు.