కోకటం అగ్రహారీకుడు అల్లసాని పెద్దన స్మృతికి సంబంధించిన తీర్మానం

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల రచయితలు, తెలుగు ఉపాధ్యాయులు, పద్యాభిమానుల ఉమ్మడి సభ ఏకగ్రీవంగా ఆమోదించినది.

1509 నుంచి 1529 వరకు విజయనగరాన్ని ఏలిన శ్రీకృష్ణదేవరాయల కొలువులో అగ్రకవిగా వెలిగి, ఆంధ్రకవితాపితామహుడనిపించుకున్న అల్లసాని పెద్దనకు రాయలిచ్చిన అగ్రహారాలలో కోకటం ఒకటి అయినందునా, ఆ ఊరు నేడు మన కడప జిల్లా కమలాపురం మండలంలో ఉన్నందునా;

ఎదురైతే ఏనుగును ఆపి చేయి అందించి ఎక్కించుకున్న రాజును, పల్లకీ మోసిన రాజును, స్వయంగా గండపెండేరం తొడిగిన రాజును, కోకటం మొదలైన అగ్రహారాలిచ్చిన రాజును తలచుకుంటూ, రాయలు పోయాక తాను బతికి ఉండి ఏం లాభమని కుమిలిన చాటుపద్యం పెద్దనదిగా నేటికీ మన పెద్దల నోట నిలిచి ఉన్నందునా;

మార్కండేయ పురాణంలోని స్వారోచిష మనువు కథను ఆరు ఆశ్వాసాల ప్రబంధంగా పెంచి ఆయన రాసిన ‘మనుచరిత్ర’ తర్వాతి ప్రబంధ కవులకు ఒరవడి అయినందునా, మంచుకు కాలి పసరు కరిగి హిమాలయంలో చిక్కుకున్న ప్రవరుడు, అతణ్ణి వలచిన వరూధిని పండితుల గడప దాటి సామాన్యుల మాటల్లోకీ వచ్చినందునా;

కడపలో కొలువు చేసిన సి.పి. బ్రౌన్ ఆ గ్రంథాన్ని జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో 1851లో అచ్చు వేయించినందునా, ప్రొద్దుటూరులో ‘శివతాండవం’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు ‘పెనుగొండ లక్ష్మి’లో విజయనగర వైభవాన్ని మళ్లీ పాడినందునా, ఈ సంబంధం మన ప్రాంతంలో ఎన్నడూ తెగిపోనందునా;

జావా ద్వీపంలో సురకర్త ఆస్థానకవి రంగ్గవర్సిత (1802–1873) ప్రతిమను 1953లో ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో ఆవిష్కరించగా, సెమరాంగ్ నగరంలోని మ్యూజియానికి ఆయన పేరే ఉండగా, పెద్దన గ్రంథం మాత్రం మన పిల్లలకు పరీక్షకు వచ్చే నాలుగు పద్యాలుగానే మిగులుతున్నందునా;

ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. పెద్దన పుట్టిన ఊరి విషయంలో పండితులు ఒక్క మాట మీద లేరు. ఆ తగవులోకి ఈ సభ దిగదు. కోకటంతో ఆయన బంధం చాటుపద్యంలోనే ఉంది కనుక, స్మారక కార్యక్రమాలకు ఆ ఊరినే కేంద్రంగా ఎంచుకుంటున్నాం.

2. కోకటంలోనూ చుట్టుపక్కల పాత గుళ్లలోనూ ఉన్న శాసనాలకు పురావస్తు శాఖ నకళ్లు తీయించి, అందరికీ అర్థమయ్యే తెలుగులో వివరణతో ప్రచురించాలి. సున్నాలు, రంగులు పూసి శాసనాల అక్షరాలు చెరపరాదని ఆలయ నిర్వాహకులను కోరుతున్నాం.

3. యోగి వేమన విశ్వవిద్యాలయానికి చెందిన సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం మనుచరిత్రను ప్రతిపదార్థంతో, తాత్పర్యంతో విద్యార్థి కొనగలిగే ధరకు వెలువరించాలి.

4. పద్యం రాగయుక్తంగా చదవగల పెద్దల గొంతులో మనుచరిత్ర ఆరు ఆశ్వాసాలనూ రికార్డు చేయించి బడులకు ఉచితంగా ఇచ్చే పనిని ఈ సభ తన మీద వేసుకుంటున్నది. ఖర్చు సభ్యుల చందాలతోనే భరిస్తాం.

5. ఏటా ఒక పట్టణం చొప్పున మూడు పట్టణాల్లోనూ వంతులవారీగా పెద్దన పద్యపఠన పోటీ జరపాలి. బట్టీ పట్టినవారికి కాక, పద్యానికి అర్థం చెప్పగలిగినవారికే బహుమతి ఇవ్వాలి.

6. విగ్రహం కోసం ప్రస్తుతం చందాలు వసూలు చేయరాదు. పుస్తకం, రికార్డు పూర్తయ్యాకే ఆ ఆలోచన. కవిని చదవకుండా పూలదండ వేస్తే అది సన్మానం కాదు.

ఈ తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, విద్యాశాఖకు, పురావస్తు శాఖకు, యోగి వేమన విశ్వవిద్యాలయానికి, కోకటం గ్రామ పంచాయతీకి పంపాలని నిర్ణయించడమైనది. మూడు పట్టణాల తెలుగు ఉపాధ్యాయులు ఈ ఏడాదే తమ తరగతిలో మనుచరిత్ర ప్రథమాశ్వాసం చదివించవలసిందిగా సభ విజ్ఞప్తి చేస్తున్నది.