మానదలచినవానికి చోటెక్కడ?

ఇందుకూరుపేట ప్రాంతమునకు మద్యనిషేధపు మాట క్రొత్తది కాదు. ఈ మండలములోని పల్లిపాడున, పెన్న యొడ్డున, పినాకినీ సత్యాగ్రహాశ్రమమును 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీమహాత్ముడు ప్రారంభించెను. నాటి యుద్యమములో ఖద్దరు ధరించుట యెంతటి వ్రతమో కల్లు మానుటయు నంతటి వ్రతము. ఏడు దశాబ్దముల పిమ్మట, 1992లో, ఈ జిల్లాలోని దూబగుంట స్త్రీలు రాత్రిబడి వాచకములో సీతమ్మకథ చదివి, రోశమ్మగారు మొదలగువారు ముందు నడువగా, సారా దుకాణమును ఊరినుండి వెడలగొట్టిరి. ఆ గాలి రాష్ట్రమంతట వీచినది. 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమయ్యెను. 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను. 1997లో అది సడలిపోయెను.

ఈ చరిత్ర యంతయు దుకాణమును గూర్చినది. దుకాణము మూయించు విధము ఈ జిల్లాకు తెలిసినంతగా మరి యే జిల్లాకును తెలియదనిన నతిశయోక్తి కాదు. కాని మూసిన దుకాణము ముందు వణకు చేతులతో నిలిచినవాని సంగతి యేమి? తెరచిన దుకాణము ముందునుండి తలవంచుకొని యింటికి పోదలచినవాని సంగతి యేమి? వాడు సాయంకాలము ఆరుగంటలకు ఎక్కడికి పోవలెను?

ఒట్టు వేసికొనుమని పెద్దలు చెప్పుదురు. కర్పూరము నార్పి, బిడ్డ తలపై చేయియుంచి వేసిన యొట్లు ఎన్ని నిలిచినవో ఇల్లాండ్రకు తెలియును. అయితే ఒక్క విచిత్రమును పాఠకులు గమనించియే యుందురు. అయ్యప్పమాల ధరించినవాడు నలువదియొక్క దినములు చుక్క ముట్టడు. మాల తీసిన వారమునకే మరల సీసా పట్టును. దీనిని చూచి నవ్వువారు కలరు. మాకు నవ్వు రాదు. ఆ నలువది దినములు వానిని నిలిపినది భక్తి యొక్కటియే కాదు. తెల్లవారుజామున తోడి స్నానము, రాత్రి తోడి భజన, గురుస్వామి పలకరింపు, వీధిలో నెదురైన ప్రతివాడును ‘స్వామీ’ యని పిలుచు గౌరవము. ఇవియు వానిని నిలిపినవి. మాలతోపాటు ఆ తోడును పోయినది, వాడు పడిపోయెను.

ఆ తోడునే మాల లేకుండ, గడువు లేకుండ నిలుపు పద్ధతి యొకటి కలదు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణమున, త్రాగుడు మాని కొన్ని నెలలు గడపిన బిల్ విల్సన్ అను వ్యాపారి, మరల త్రాగబుద్ధి పుట్టగా, తనవంటి మరియొక త్రాగుబోతును వెదకుకొని పోయి మాటలాడెను. అతడు బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడు. ఒకరి కొకరు తోడై యిద్దరును మానిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను సంఘము అట్లు పుట్టినది. మన దేశమున 1957 నుండి సాగుచున్నది. చేరుటకు రుసుము లేదు. మానవలెనను కోరిక తప్ప వేరు యోగ్యత యక్కరలేదు. ఇంటిపేరు, కులము, ఉద్యోగము అడుగరు. వచ్చినవారు తమ తమ కథలు చెప్పుకొందురు, వినుటకే కూర్చున్నను ఆక్షేపణ లేదు. జన్మాంతమను మాట యెత్తరు. నేటి కొక్కనాటికి త్రాగకుండుటయే నియమము. పడినవాడు మరల వచ్చినచో కుర్చీ చూపుదురు. ఇంటివారికి ఆల్‌అనాన్ అను వేరు సభలు కలవు.

త్రాగుబోతులు నలుగురు కూడిన మరల త్రాగుడే గదాయని హాస్యమాడువారు 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్షను చూడదగును. పదివేలకు పైబడిన జనుల విషయమై జరిగిన 27 పరిశోధనలను పరిశీలించి, బొత్తిగా మానియుండు విషయమున ఈ మార్గము తక్కిన చికిత్సలకు తీసిపోదనియు, పలుచోట్ల మిన్నయనియు వైద్య పండితులు తేల్చిరి. మన దేశమునందో, 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన నివేదికను బట్టి, మద్యమునకు బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదేని చికిత్స లభించినది.

ఒక హెచ్చరిక. చిరకాలము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో వణకు, మూర్ఛలు, మతిభ్రమము కలుగవచ్చును, ప్రాణాపాయమును కలదు. కావున ముందు వైద్యుని చూడవలెను. సభ లెక్కడ జరుగునో ఆ వైద్యునే యడుగవచ్చును. కేంద్ర ప్రభుత్వము వారి 14446 అను ఉచిత టెలిఫోనునకు పిలిచియు సలహా పొందవచ్చును. నెల్లూరికి బస్సు కలదు. మొదటి సభలో మనసు కుదరకున్న మరి రెండు మూడు సభలు చూచి గాని మానవలదు.

కాని బస్సెక్కుటకు అడ్డము దూరము కాదు, సిగ్గు. మనోవర్తి దావాలలో మేము చూచిన భర్తలలో పెక్కుమంది దుష్టులు కారు. నలుగురి యెదుట ‘నాకు చేతకాకున్నది’ యని యనలేనివారు. కోర్టు వారు భార్యకు నెలకింత యని డిక్రీ యీయగలరు. ఆ మాట అనుటకు చోటు ఈయజాలరు. చిన్న యూరిలో ఎవడు ఏ గుమ్మమెక్కెనో రాత్రికి అందరికిని తెలియును. త్రాగి వీధిలో పడినవానిని మరచు లోకము మానుటకు పోయినవానిని వేలెత్తి చూపుట మిక్కిలి వింత!

కావున పఠనమందిరముల కార్యవర్గములకు మా మనవి యిది. వారమున కొక సాయంకాలము ఒక గదిని విడిచియిండు. బోర్డు కట్టవలదు. హాజరుపట్టీ వలదు. నాయకులను పిలిచి దండలు వేయించి ఉపన్యాసము లిప్పింపవలదు. ఫొటోలు తీసి మా పత్రికకును పంపవలదు, మేము ప్రకటింపము. రెండు చాపలు, ఒక కూజా నీరు చాలును. మానినవా డొక్కడు, మానదలచినవా డొక్కడు వచ్చిన సభ జరిగినట్లే. గది తాళపుచెవి ఎవరియొద్ద నుండునో మాత్రము ముందుగా నిశ్చయించుకొనవలెను. తలుపు మూసియుండగా చూచి వెనుదిరిగినవానికి ఇంటిదారిలోనే దుకాణ మున్నది.