సిపదాన్‌కు హౌస్‌ఫుల్ బోర్డు

సెలవులొస్తే కౌలాలంపూర్‌లోని మన తెలుగు కుటుంబాల్లో లంకావి, జెంటింగ్ మాటలే వినిపించేవి. ఇప్పుడు కుర్రకారు నోట సిపదాన్ పేరు వినిపిస్తోంది. సంతోషమే. వెంటనే ఓ ఫిర్యాదూ వస్తోంది. డబ్బు కడతామన్నా పర్మిట్ దొరకడం లేదు, సముద్రానికి కూడా టికెట్లేమిటి అని. ఈ ఫిర్యాదుతో మేం ఏకీభవించలేం.

సబా రాష్ట్రం తూర్పు తీరాన, సెంపోర్నా నుంచి పడవలో గంట దూరం సిపదాన్. పైకి చూస్తే కాసిన్ని చెట్లు, కాస్త ఇసుక. అసలు దీవి అంతా నీళ్ల కిందే ఉంది. ఆరిపోయిన అగ్నిపర్వతం కొన మీద పగడాలు పెరిగి పెరిగి పైకొచ్చిన దీవి ఇది. సముద్రం అడుగు నుంచి సుమారు 600 మీటర్ల ఎత్తు. ఒడ్డు దాటి కాస్త ముందుకు పోతే చాలు, నేల గోడలా కిందికి దిగిపోతుంది. ఆ గోడ పక్కనే తాబేళ్లు, సొరచేపలు, సుడిగాలిలా తిరిగే బరాకుడా చేపల గుంపులు. 1989లో ఫ్రెంచి సముద్ర పరిశోధకుడు జాక్ కూస్తో ఇక్కడి తాబేళ్ల మీద డాక్యుమెంటరీ తీశాక ప్రపంచం దృష్టి ఇటు పడింది.

దాంతో రిసార్టులు వెలిశాయి. ఇంత చిన్న దీవిలో అందరికీ మంచినీళ్లెక్కడివి, మురుగు ఎక్కడికి పోవాలి? 2000 ఏప్రిల్‌లో అబూ సయ్యాఫ్ ముఠా ఇక్కడి నుంచే 21 మందిని ఎత్తుకుపోయింది. ఇండోనేషియాతో ఉన్న తగాదా 2002లో అంతర్జాతీయ న్యాయస్థానంలో మలేషియాకు అనుకూలంగా తేలింది. 2004 చివరికల్లా రిసార్టులను ఖాళీ చేయించారు. రాత్రి బస లేదు. రోజుకు 120 మందికే పర్మిట్ అన్నారు. తర్వాత ఆ సంఖ్యను పెంచారు. ఇంకా పెంచమనేవాళ్లకు లోటుండదు. సెంపోర్నాలో పడవ నడిపేవాడికీ, వంట చేసేవాడికీ ఇదే జీవనాధారం కదా అంటే కాదనం. కానీ పగడాలు పోతే ఆ కూడూ పోతుంది! 2006 మేలో నిర్మాణ సామగ్రితో వచ్చిన ఓ బార్జి ఒడ్డుకు కొట్టుకొచ్చి పగడాలను నుగ్గు చేసింది. గట్టి రకం పగడం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. దానికి తోడు సముద్రం వేడెక్కి 2024లో ప్రపంచమంతటా పగడాలు తెల్లబారాయి. ఇన్ని దెబ్బల మధ్య మనుషుల కాళ్ల దెబ్బలైనా తగ్గించొద్దా? పర్మిట్ దొరకనివాళ్లు పక్కనే ఉన్న మాబుల్‌కు వెళ్లొచ్చు. చిన్న చిన్న వింత జీవులను చూడాలంటే అదే మేలు.

మనవాళ్లకు ఇంకో మాట కూడా చెప్పాలి. శుక్రవారం రాత్రి ఆఫీసు నుంచి అటే బయల్దేరి, ఆదివారం మధ్యాహ్నం దాకా డైవ్ చేసి, సాయంత్రం తవావులో విమానం ఎక్కేద్దామనుకునేవాళ్లు ఉన్నారు. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. 30 మీటర్ల లోతున ఒంటి మీద పడే ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. అక్కడ పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలో, కండరాల్లో కరిగి ఉండిపోతుంది. మెల్లగా పైకొస్తే మెల్లగానే బయటికి పోతుంది. విమానంలో గాలి ఒత్తిడి తగ్గేసరికి మాత్రం, సోడా మూత తీసినట్టు, ఒంట్లోనే బుడగలు కట్టొచ్చు. కీళ్ల నొప్పులతో పోతే అదృష్టం, పక్షవాతం కూడా రావచ్చు. రోజుకు రెండు మూడుసార్లు దిగినవాళ్లు కనీసం 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలి. సోమవారం కూడా సెలవు పెట్టండి, కంపెనీ మునిగిపోదు.

ఈత రాకపోయినా పరవాలేదు, అంతా మేం చూసుకుంటాం అనే ఏజెంట్లకు దూరంగా ఉండండి. అడ్వాన్సు కట్టే ముందు పర్మిట్ ఎవరి పేరు మీద, ఏ తేదీకి ఉందో, తిరుగు విమానం ఎన్నింటికో కాగితం మీద రాయించుకోండి.